అంగిట నిప్పు – అడ్డపొగపై జరిగిన పరిశోధనల కథ

వర్ణాలు పుట్టే స్థానాలను లెక్కించేటప్పుడు మన వ్యాకర్తలు కంఠం, తాలువు, మూర్ధం, దంతాలు, ఓష్ఠాలు అని వరుసగా చెబుతారు. తాలువు అంటే అంగిలి. నాలుక అంగిటిని తాకితేనే తాలవ్యాక్షరాలు పలుకుతాయి. సాధారణంగా నోటిలో రాచపుండు పుట్టేది బుగ్గ లోపలనో, నాలుక అంచునో, చిగుళ్ళ దగ్గరనో. గట్టి అంగిటి మీద పుట్టడం లోకంలో అరుదు. కాని మన ఉత్తరాంధ్ర సముద్రతీరంలో మాత్రం ఆ అరుదైన పుండే వైద్యుల కంట తరచుగా పడుతూ వచ్చింది. అందునా స్త్రీలలో ఎక్కువగా కనిపించింది. ఎందుకిలా అన్న ప్రశ్నకు సమాధానం దొరకడానికి ఆసుపత్రి, ప్రయోగశాల, పల్లెటూరు మూడూ కలిసి పని చేయవలసి వచ్చింది. ఆ కథ తెలుగువారిదే అయినా, అందులో అధికభాగం ఆంగ్లపత్రికల పుటల్లోనే ఉండిపోయింది. అందుకే ఇక్కడ కొంత చెప్పదలచాను.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్టణం ప్రాంతాల పల్లెల్లో ముసలమ్మలు చుట్ట కాల్చే తీరును చూసిన చదువరులకు వేరే వివరణ అక్కరలేదు. చూడనివారి కోసం చెబుతాను. చుట్టను వెలిగించి, నాలుగు దమ్ములు లాగి, నిప్పు నిలిచాక దాన్ని తిప్పి, వెలిగే కొసను నోటిలోపల పెట్టుకొని పెదవులు మూస్తారు. చల్లని కొస బయట ఉంటుంది. గాలి ఆ కొస గుండా లోపలికి పోయి నిప్పును బతికిస్తుంది. పొగ నోటిలో నిండి, తరువాత బయటికి వస్తుంది. దీన్నే అడ్డపొగ అంటారు. వైద్యగ్రంథాలలో సైతం ఈ తెలుగుమాట రోమను లిపిలో యథాతథంగా కనిపిస్తుంది.

ఇలా ఎందుకు కాలుస్తారని అడిగితే జవాబులు పలువిధాలు. గాలికీ నీటి తుంపరకూ నిప్పు ఆరదని కొందరు, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయని కొందరు, ఒళ్ళోని పసిబిడ్డ మీద నిప్పురవ్వ రాలదని కొందరు, చుట్ట ఎక్కువసేపు వస్తుందని కొందరు చెబుతారు. నేను ఉద్యోగరీత్యా తిరిగిన పల్లెలలో నాట్లు వేస్తూ, బట్టలు ఉతుకుతూ, చేపల తట్ట నెత్తిన పెట్టుకొని నడుస్తూ అడ్డచుట్ట కాల్చిన స్త్రీలను ఎందరినో చూశాను. ఈ కారణాలన్నీ వట్టి సాకులని నేననను. చేతికి ఊపిరాడనంత చాకిరి ఉన్న బ్రతుకులో పుట్టిన అలవాటు ఇది. తల్లిని చూసి కూతురు నేర్చుకుంది. కన్యాశుల్కంలో గిరీశం చుట్ట గొప్పతనాన్ని వర్ణిస్తుంటే మనం నవ్వుకొన్నాం. అదే సీమలో నిప్పును నోట దాచుకొని పని చేసుకొనే ఆడవారిని గురించి సాహిత్యం అంతగా పట్టించుకోలేదు. వైద్యులే ముందు పట్టించుకొన్నారు.

పని వలనో అలవాటు వలనో పుండు పుట్టవచ్చునన్న ఆలోచన 1775 నాటిది. పొగగొట్టాలు ఊడ్చే కుర్రవాళ్ళకు పెద్దయ్యాక వృషణాల సంచి మీద పుండ్లు పుట్టడాన్ని గమనించి, దానికి కారణం మసి అని లండనులో పెర్సివాల్ పాట్ అనే శస్త్రవైద్యుడు వ్రాశాడు. మన దేశంలో అదే దృష్టి అంగిటి పుండు మీద పడింది. 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికలో కిణి, రావు అనే ఇద్దరు వైద్యులు విశాఖ ప్రాంతపు రోగులను గురించి వ్రాస్తూ, అంగిటి పుండుకూ నిప్పుకొస లోపల పెట్టి కాల్చే చుట్టకూ సంబంధం ఉన్నట్లు సూచించారు. 1945లో ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రికి చెందిన ప్రఖ్యాత వ్యాధిశాస్త్రజ్ఞుడు ఖానోల్కర్, సూర్యాబాయి అనే సహపరిశోధకురాలితో కలిసి, భారతీయుల అలవాట్ల వలన పుట్టే మూడు కొత్తరకాల పుండ్లను వర్ణించారు. నడుము దగ్గర ధోవతి ముడి ఒరిసేచోట పుట్టేది ఒకటి, ఖైనీ పెట్టుకొనే చోట పెదవి లోపల పుట్టేది రెండవది, చుట్ట వలన అంగిట పుట్టేది మూడవది.

ఇది ఆసుపత్రి చూపు. దానికి ఒక పరిమితి ఉంది. ఆసుపత్రికి వచ్చేది రోగి మాత్రమే. అడ్డపొగ కాల్చి కూడా ఆరోగ్యంగా ఉన్న వేలమంది ఆ గడప తొక్కరు. రోగులందరూ చుట్ట కాల్చారంటే, ఆ ఊళ్ళో అందరూ కాలుస్తారేమో అని ఆక్షేపించవచ్చు. కనుక చుట్టలోని పదార్థానికి నిజంగా పుండు పుట్టించే శక్తి ఉన్నదా అన్నది ప్రయోగశాలలో తేలవలసి వచ్చింది.

ఆ మార్గం అప్పటికే జపానులో తెరచుకొని ఉంది. 1915లో యమగివా, ఇచికావా అనే ఇద్దరు టోక్యోలో కుందేళ్ళ చెవులకు నెలల తరబడి బొగ్గుతారు పూస్తూ పోయి, చివరికి పుండు పుట్టించగలిగారు. అంతకుముందు పలువురు ఇటువంటి ప్రయత్నం చేసి, ఫలితం కనబడక మధ్యలోనే విడిచిపెట్టారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్న మొండితనం వేరు, ఫలితం వచ్చేదాకా కుందేటిని విడువని పట్టుదల వేరు. 1953లో అమెరికాలో వైండర్, గ్రాహం, క్రొనింజర్ సిగరెట్టు పొగ నుండి తీసిన తారును ఎలుకల వీపుల మీద పూయగా, వాటిలో నూటికి 44 ఎలుకలకు రాచపుండు వచ్చింది. పొగాకు మీద అనుమానం నేరారోపణగా మారడానికి ఆ ఎలుకలు బలమైన సాక్ష్యమయ్యాయి.

నోటి పుండ్లను పరిశీలించడానికి మరొక జంతువు కూడా అక్కరకు వచ్చింది. హామ్‌స్టర్ అనే చిన్న జంతువుకు గింజలు దాచుకొనేందుకు బుగ్గలలో సంచుల వంటి అరలు ఉంటాయి. 1954లో సాలీ అనే దంతవైద్య పరిశోధకుడు ఆ అరలోపలి పొరకు పుండు పుట్టించే రసాయనం పూసి, మానవుని నోటిపుండును పోలిన పుండును పుట్టించాడు. పొర మొదట మందమవడం, తరువాత కణాలు వికృతమవడం, చివరకు పుండవడం అన్న దశలను వరుసగా కంటితో చూడడానికి దానివలన వీలయింది. నోటి శస్త్రవైద్య విద్యలో ఆ చిన్న ప్రాణి పేరు నేటికీ వినబడుతుంది.

ఇక మన తెలుగు వైద్యుల వంతు. 1957లో డి. జి. రెడ్డి, వి. కె. రావు కోస్తాంధ్రలో నిప్పుకొస లోపల పెట్టి చుట్ట కాల్చడం వలన వచ్చే అంగిటి పుండును గురించి ఒక భారతీయ వైద్యపత్రికలో ప్రకటించారు. ఇక్కడొక చిక్కుప్రశ్న వచ్చింది. మామూలుగా చుట్ట కాల్చేవారి నోటిలోకీ తారు పోతుంది గదా, వారికి అంగిట పుండు రాకుండా వీరికే ఎందుకు రావాలి? తేడా వేడిలో ఉన్నదా? దీన్ని తేల్చడానికి రెడ్డి తన సహచరులతో కలిసి పొగాకు తారునూ వేడినీ జోడించి జంతువుల మీద ప్రయోగాలు చేశారు. అలా ప్రయోగశాలలో పుండు పుట్టించిన వృత్తాంతం 1960లో అమెరికా నుండి వెలువడే క్యాన్సర్ అనే పత్రికలో అచ్చయింది. ముసలమ్మ నోటిలోని చుట్టకొస ఆ విధంగా శాస్త్రప్రశ్నగా మారింది.

అడ్డపొగ మన సొత్తు మాత్రమే కాదు. కరీబియన్ దీవులు, కొలంబియా, పనామా, ఫిలిప్పీన్స్, ఇటలీకి చెందిన సార్డీనియా దీవి, వీటన్నిటా ఈ అలవాటు ఉండేది. కరీబియన్, దక్షిణ అమెరికా ప్రజలలో దీన్ని పరిశీలించినవారు 1964లో నోటిలోపలి గాలి వేడి 120 సెల్సియస్ డిగ్రీల దాకా పోగలదని తెలిపారు. నీరు మరిగే వేడికంటే అది ఎక్కువ. అంత వేడి కింద, తారుతో తడిసే అంగిటి చర్మం ఊరకే ఉండదు. మొదట తెల్లబారి మందమవుతుంది. లాలాజలపు సన్నని గ్రంథుల ద్వారాలు ఎర్రని చుక్కలుగా, చిన్న బుడిపెలుగా పైకి తేలుతాయి. కొన్నిచోట్ల సహజమైన రంగు పోయి చర్మం పాలిపోతుంది. ఎర్రని మచ్చలు, పుళ్ళు వస్తాయి. వీటిలో కొన్ని మాత్రమే కాలక్రమాన రాచపుండ్లవుతాయి. ఏది అవుతుందో, ఏది కాదో తెలియాలంటే ఏళ్ళ తరబడి అదే నోటిని మళ్ళీ మళ్ళీ చూడాలి.

ఆ పనికి పూనుకొన్నది ముంబయిలోని టాటా ఫండమెంటల్ రిసెర్చి సంస్థలోని దంతపరిశోధన విభాగం. ఫాలీ మెహతా నాయకత్వంలో, కోపెన్‌హేగన్ దంతవైద్య కళాశాల ఆచార్యుడు పిండ్‌బోర్గ్ సహకారంతో, గణాంకశాస్త్రజ్ఞుడు ప్రకాశ్ గుప్తా, దంతవైద్యుడు దఫ్తరీ మొదలైనవారు ఆసుపత్రిని వదలి ఊళ్ళ బాట పట్టారు. కేరళలోని ఎర్నాకుళం, గుజరాతులోని భావనగర్, నాటి బీహారులోని దర్భంగా, సింగ్‌భూం, మన శ్రీకాకుళం, ఈ ఐదు జిల్లాలలో ఇంటింటికీ తిరిగి 50,915 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి, 1969లో ఫలితాలు ప్రకటించారు. రోగులనే కాక అందరినీ చూడడమే ఇందులోని విశేషం. ఆసుపత్రిలో తెగని చిక్కు దీనితో తెగింది.

శ్రీకాకుళపు భాగం 1971లో బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో విడిగా వచ్చింది. పరీక్షించినవారు 10,169 మంది. వారిలో నూటికి నలభైమందికి పైగా అడ్డపొగ కాల్చేవారే. ఆడవారిలో ఈ అలవాటు మరీ ఎక్కువ. అంగిటి రాచపుండు బయటపడిన వారు అడ్డపొగ కాల్చేవారే. ముప్ఫైయేళ్ళకు పైగా వైద్యులు అనుమానించినదానికి ఊరే సాక్ష్యమిచ్చింది.

పుండు ముదిరితే జరిగేది కూడా చెప్పాలి. శస్త్రవైద్యుడు అంగిటితో పాటు పై దవడ ఎముకలో కొంత భాగాన్ని కోసి తీసివేయవలసి రావచ్చు. అప్పుడు నోటికీ ముక్కుకూ నడుమ గోడ ఉండదు. త్రాగిన నీరు ముక్కులోంచి వస్తుంది. మాట ముక్కుతో కలిసిపోతుంది. ఆ రంధ్రాన్ని మూయడానికి దంతవైద్యులు కట్టుడుపళ్ళ పలక వంటిదాన్ని తయారుచేసి అమరుస్తారు. దానితో తినడం, మాట్లాడడం కొంత సాధ్యమవుతాయి. మన భాషలో చుట్ట అన్నప్పుడు దంత్య ౘకారం, చేటు అన్నప్పుడు తాలవ్య చకారం. అంగిలి పోయిన మనిషికి ఆ రెండవ అక్షరం పలకడమే కష్టం. వర్ణోత్పత్తి స్థానాలను ఏళ్ళ తరబడి పాఠంగా చెప్పిన నాకు ఆ శస్త్రచికిత్స విషయం చదివినప్పుడు తాలువు విలువ మరింత తెలిసింది.

ఇంత పరిశోధన వలన ఆ ముసలమ్మలకు ఏం దక్కింది? వారి నోళ్ళు చూసి వ్రాసినది వారు చదువలేని భాషలో దూరదేశాలకు వెళ్ళింది. ఈ ప్రశ్న పరిశోధకులకూ కలిగినట్లే ఉంది. తరువాతి అధ్యయనంలో ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాలలో పొగాకు వాడే 36,471 మందిని ఎన్నుకొని, ఏటేటా వారి నోరు పరీక్షించడంతో పాటు, అలవాటు మానమని వారి భాషలోనే ముఖాముఖిగానూ, ప్రచార సాధనాల ద్వారానూ బోధించారు. అంతకుముందు అదే ప్రాంతాలలో, అదే పద్ధతిలో, వేరే మనుషుల మీద జరిగిన పరిశీలనలోని మొదటి ఐదేళ్ళ ఫలితాలతో వీరిని పోల్చారు. 1986లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. బోధ పొందినవారిలో పొగాకు మానినవారు పూర్వపువారికంటే స్పష్టంగా ఎక్కువ. మందు లేదు, కత్తి లేదు, మాట మాత్రమే అక్కడ చికిత్స.

భాషోపాధ్యాయుడికి ఇంతకంటె ఆనందం కలిగించే ఫలితం మరొకటి ఉండదు. కాని ఆ ఆనందానికి ఒక హద్దు ఉంది. బోధించినా మానని వారే ఎక్కువమంది. యాభైయేళ్ళ అలవాటును ఒక మాట తుడిచివేయలేదు. కొత్తతరం ఆడపిల్లలు అడ్డపొగ జోలికి అంతగా పోవడంలేదు. అయినా తీరపు పల్లెలలో పెద్దవయసు స్త్రీలలో అది ఇంకా మిగిలే ఉంది. వారు సాధారణంగా తమ నోరు ఎవరికీ చూపరు. తొలిదశలో ఆ తెల్లమచ్చ నొప్పి పెట్టదు గనుక చూపవలసిన అవసరమూ వారికి తోచదు.

కాబట్టి మీ ఇంటనో, మీ వీధిలోనో అడ్డచుట్ట కాల్చే పెద్దమ్మ ఉంటే ఆమెను మందలించవద్దు. చాకిరి నడుమ ఆమెకు దొరికిన సుఖం అదొక్కటే అయి ఉండవచ్చు. ఒక పగటిపూట వెలుతురులో కూర్చోబెట్టి, నోరు తెరవమని, అంగిటి వైపు ఒకసారి చూడండి. తెల్లగా మందమైన పొర, ఎర్రని మచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు, వీటిలో ఏది కనబడినా దగ్గరలోని దంతవైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళండి. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే సంగతి తెలుస్తుంది. కుందేళ్ళూ ఎలుకలూ ప్రాణాలిచ్చి, పదివేలమంది సిక్కోలు గ్రామస్థులు నోరు తెరిచి నిలబడి సంపాదించిపెట్టిన జ్ఞానం ఇది. అది తిరిగి ఆ ఇళ్ళకే చేరాలి.