కాగజ్ ఇచ్చే గవాహీ: బెర్లిన్ డాక్టర్ హెల్మీ ఖిస్సా



హిట్లర్ జమానాలో యూదుల మీద, అంటే మనం యహూదీలు అనే కౌమ్ మీద, జరిగిన జుల్మ్ అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేవి గ్యాస్ చాంబర్లు. దాదాపు 60 లక్షల మందిని బలిగొన్న ఖత్లేఆమ్ అది. కానీ ఆ జుల్మ్ గ్యాస్‌తో మొదలవలేదు, కాగజ్‌తో మొదలైంది. ఈసారి ఆ కాగజ్‌ల గురించే రాస్తున్నాను. ఎందుకంటే వాటి మధ్య మన పేరున్న మనిషి ఒకాయన ఉన్నాడు.

1935లో న్యూరెంబర్గ్ చట్టాలొచ్చాయి. నీ దాదా ఎవరు, నానీ ఎవరు అని అడిగి, సర్టిఫికెట్లు చూసి, మనిషి యహూదీయా కాదా అని తేల్చడం మొదలుపెట్టారు. 1938 అక్టోబర్‌లో వాళ్ల పాస్‌పోర్టుల మీద ఎర్రటి ‘జె’ ముద్ర పడింది. పేరును బట్టి యహూదీ అని తెలియకపోతే, 1939 జనవరి నుంచి మగవాళ్లు ఇజ్రాయెల్ అని, ఆడవాళ్లు సారా అని తమ పేరుకు కలుపుకోవాలన్నారు. 1941 అక్టోబర్‌లో బెర్లిన్ నుంచి రైళ్లు కదిలాయి. రైలు రైలుకూ ఒక ఫెహ్‌రిస్త్ ఉంది: పేరు, పుట్టిన తారీఖు, ఇంటి పతా. దాన్ని టైపు చేసిన గుమాస్తా తన చేత్తో ఎవరినీ చంపలేదు, తన నౌకరీ తాను చేసుకున్నాడు. జుల్మ్‌కు అట్లాంటి వాళ్లు చాలామంది కావాలి.

ఆ బెర్లిన్‌లోనే ముహమ్మద్ హెల్మీ అనే డాక్టర్ సాబ్ ఉండేవాడు. 1901లో సూడాన్‌లోని ఖర్తూమ్‌లో, ఈజిప్టు తల్లిదండ్రులకు పుట్టాడు. 1922లో డాక్టరీ చదవడానికి జర్మనీ పోయాడు. చదువయ్యాక అక్కడే రాబర్ట్ కాఖ్ ఆస్పత్రిలో పనికి కుదిరాడు. నాజీల లెక్కలో ఆయన కూడా ఆర్యుడు కాదు. 1938లో ఆ కొలువు పోయింది. ఎమ్మీ అనే జర్మన్ అమ్మాయిని చేసుకోవాలనుకుంటే షాదీకి ఇజాజత్ ఇవ్వలేదు. 1939లో యుద్ధం మొదలయ్యాక మిగతా ఈజిప్షియన్లతోపాటు పట్టుకుపోయారు. సెహత్ దెబ్బతిని, దాదాపు ఏడాది తర్వాత బయటికొచ్చాడు.

ఇన్ని దెబ్బలు తిన్నవాడు తల దించుకుని తన జాన్ తాను కాపాడుకుంటే ఎవరు తప్పు పడతారు? ఆయన అట్లా చేయలేదు.

అన్నా బోరోస్ అనే యహూదీ అమ్మాయి ఖాందాన్‌తో ఆయనకు జాన్ పెహచాన్ ఉంది. యహూదీలను రైళ్లెక్కిస్తున్న ఆ రోజుల్లో, బెర్లిన్ శివారు బూఖ్‌లో తనకున్న చిన్న గదిలాంటి ఇంట్లో ఆమెకు పనాహ్ ఇచ్చాడు. పోలీసులు తన మీద ఆరా తీసినప్పుడల్లా ఆమెను మరో చోటికి చేర్చేవాడు. అన్నా నానీని ఫ్రీడా స్టుర్మన్ అనే జర్మన్ మహిళ ఏడాదికి పైగా దాచింది, తన రేషన్‌లోంచే తిండి పెట్టింది. ఆ ఏర్పాటు కూడా హెల్మీదే.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసినవి రెండు కాగజ్‌లు. ఒకటి, అన్నా ఇస్లాం కబూల్ చేసిందని 1943లో బెర్లిన్‌లోని ఇస్లామిక్ కేంద్ర సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్. రెండోది, ఒక ఈజిప్షియన్‌తో హెల్మీ ఇంట్లోనే ఆమెకు నికాహ్ జరిగినట్టు అరబ్బీలో రాసిన నికాహ్‌నామా. ఆమె జాన్ కోసం రెండింటినీ హెల్మీయే సంపాదించాడు. ఇక్కడ ఇంకో హకీకత్ కూడా చెప్పాలి. ఆ సంస్థ 1942 డిసెంబర్‌లో తెరుచుకున్నప్పుడు తఖ్రీర్ చేసింది జెరూసలేం ముఫ్తీ అమీన్ అల్ హుసైనీ. 1941లో హిట్లర్‌ను కలిసి, నాజీల పక్షాన రేడియోలో ప్రచారం చేసినవాడు ఆయన. హెల్మీ గురించి ఫఖ్ర్‌గా చెప్పుకుని ముఫ్తీ గురించి నోరు మూసుకుంటే అది గవాహీ కాదు. ఇద్దరూ మన తారీఖ్‌లో ఉన్నారు.

1944లో అన్నా అమ్మీ, సవతి తండ్రి దొరికిపోయారు. దెబ్బలకు తాళలేక, అన్నాను దాచింది హెల్మీ అని చెప్పేశారు. ఆయన వెంటనే ఆమెను ఫ్రీడా ఇంటికి తరలించాడు. తనను నిలదీసిన గెస్టపోకు ఒక ఉత్తరం చూపించాడు. డెసావ్‌లో ఉన్న తన బంధువు దగ్గరికి పోతున్నానని అన్నా రాసినట్టున్న ఉత్తరం అది. మరో కాగజ్, మరోసారి ఒక జాన్ దక్కింది.

యుద్ధం ముగిసేసరికి ఆ ఇంటివాళ్లు నలుగురూ జిందాగా ఉన్నారు. తర్వాత అమెరికా పోయారు. హెల్మీ బెర్లిన్‌లోనే ఉండి, ఎట్టకేలకు ఎమ్మీని పెళ్లాడి, 1982లో కన్నుమూశాడు. కానీ అన్నావాళ్లు ఎహసాన్ మరిచిపోలేదు. తమను కాపాడినవాళ్లను గుర్తించమని 1950లలో, 60ల మొదట్లో బెర్లిన్ ప్రభుత్వానికి ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాలు ప్రభుత్వ దఫ్తర్లలో భద్రంగా ఉండిపోయాయి. ఎన్నో ఏళ్లకు అవి బయటపడబట్టే 2013లో ఇజ్రాయెల్‌లోని యాద్ వషేమ్ సంస్థ హెల్మీకి, ఫ్రీడాకు గౌరవం ప్రకటించింది. యహూదీలను కాపాడిన ఇతర మతాలవారికి ఇచ్చే ఆ గౌరవం ఒక అరబ్బుకు దక్కడం అదే మొదటిసారి. ఇచ్చేది ఇజ్రాయెల్ సంస్థ గనుక ఆయన ఖాందాన్‌వాళ్లు మొదట వద్దన్నారు. చివరికి 2017లో ఒక బంధువు బెర్లిన్‌లో దాన్ని అందుకున్నాడు.

ఆ ‘వద్దు’ ఎందుకో మనకు అర్థమవుతుంది. ఫలస్తీన్ దర్ద్ మన ఇళ్లలో రోజూ మాట్లాడుకునేదే. అందుకే కొందరు యహూదీల మీద జరిగిన జుల్మ్ ఊసెత్తితే ముఖం తిప్పుకుంటారు, కొందరు అసలు జరగలేదంటారు. ఒక మజ్లూమ్ గవాహీని కొట్టిపారేస్తే ఇంకో మజ్లూమ్‌కు ఇన్సాఫ్ దొరకదు. గవాహీ దాచొద్దని మన దీన్ నేర్పింది. అందులో ఫలానా కౌమ్‌కు తప్ప అనే షరతు లేదు.

జరగలేదనేవాళ్లకు జవాబు జర్మనీలోని బాడ్ ఆరోల్సెన్ ఊళ్లో ఉంది. అక్కడి దఫ్తర్‌ఖానాలో నాజీల చేతిలో నలిగిన, చనిపోయిన, ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న దాదాపు కోటీ 75 లక్షల మంది గురించిన దాదాపు 3 కోట్ల దస్తావేజులున్నాయి. 2013లో యునెస్కో దాన్ని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. చాలా కాగజ్‌లు ఇప్పుడు నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఆ గుమాస్తాలు టైపు చేసినలాంటి ఫెహ్‌రిస్త్‌లలోనే మనవలు, మనవరాళ్లు తమ దాదీ పేరు వెతుక్కుంటున్నారు.

ఈ ఖిస్సా మీ పిల్లలకు చెప్పండి. హెల్మీ పేరుతోపాటు ఫ్రీడా పేరు కూడా చెప్పండి.

ఖుదా హాఫిజ్.