మలబార్ హిల్: అమ్మకానికి లేని కొండ

ముంబైలో మెరైన్ డ్రైవ్ గట్టు మీద సముద్రం వైపు మొహం పెట్టి నిలబడితే, కుడిచేతి వైపు చౌపాటీకి అవతల నీళ్లలోకి చొచ్చుకొచ్చిన కొండకొమ్ము కనిపిస్తుంది. కింద దట్టమైన చెట్లు, వాటి నెత్తిన అపార్ట్‌మెంట్లు. అదే మలబార్ హిల్. చదరపు అడుగు లక్ష రూపాయలు దాటి ఫ్లాట్లు అమ్ముడుపోయిన పేట.

డబ్బున్నవాళ్లు ఈ కొండెక్కింది మొన్నమొన్ననే. వాళ్లకంటే చాలా ముందు దేవుడు వచ్చాడు. సీతను వెతుక్కుంటూ వెళ్తున్న రాముడు ఇక్కడ ఇసుకతో లింగం చేసి పూజించాడనీ, దాహమేసి బాణం వేస్తే నీళ్లు పైకి ఉబికాయనీ స్థలపురాణం. ఆ లింగం ఉన్న చోటు వాల్కేశ్వర్, ఆ నీళ్లు బాణగంగ. 1127లో శిలాహార రాజుల కొలువులోని మంత్రి లక్ష్మణ ప్రభు ఈ కోనేరు కట్టించాడంటారు. పోర్చుగీసువాళ్లు గుడిని నేలమట్టం చేశాక, 1715లో రామా కామత్ అనే సారస్వత వర్తకుడు మళ్లీ నిలబెట్టాడు. ఉప్పు సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా కోనేట్లో ఊరేది మంచినీళ్లే. నాలుగు వైపులా రాతిమెట్లు, వాటిని ఆనుకుని చిన్నచిన్న గుళ్లు, మఠాలు, పెంకుటిళ్లు. 2024లో పునరుద్ధరణ పేరుతో ఆ మెట్ల మీదికే పొక్లెయిన్ దించి రాళ్లు పగలగొట్టారు. పోలీసు కేసయింది.

దేవుడి తర్వాత వచ్చినవాళ్లు మృతులు. 1670లలో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జెరాల్డ్ ఆంజియర్ హయాంలో పార్సీలు కొండ మీద తమ మొదటి దఖ్మా కట్టుకున్నారు. శవాన్ని కాల్చకుండా, పూడ్చకుండా గద్దలకు, రాబందులకు వదిలే గుండ్రటి రాతికట్టడం అది. ఊరికి దూరంగా అడవిలా ఉంటుందనే ఈ చోటు ఎంచుకున్నారు. డూంగర్‌వాడీ అనే సుమారు 54 ఎకరాల ఆ చోటు ఇప్పటికీ అడవిలాగే ఉంది, కానీ రాబందులే లేవు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు, వాటి కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసి ఆ జాతిని దాదాపు ఊడ్చేసింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించేనాటికే ఆలస్యమైపోయింది. ఇప్పుడు ఎండను శవాల మీదికి మళ్లించే సౌర పరికరాలతో పని కానిస్తున్నారు.

కొండకు దర్జా తెచ్చింది దొరలు. 1820లలో గవర్నర్ ఎల్ఫిన్‌స్టన్ కొమ్ము చివర ఒక బంగళా వేసుకున్నాడు. అయినా గవర్నర్ల అసలు నివాసం చాలాకాలం పరేల్‌లోనే ఉండేది. 1882లో గవర్నర్ జేమ్స్ ఫెర్గూసన్ భార్య కలరాతో చనిపోయింది. దాంతో పరేల్ మీద మనసు విరిగి, 1885కల్లా గవర్నర్ కాపురం మలబార్ పాయింట్‌కు మారిపోయింది. పెద్దదొర ఎక్కడుంటే సేఠ్‌లకూ అక్కడే ఉండాలనిపిస్తుంది. తెల్ల అధికారుల వెనకే పార్సీ, గుజరాతీ, మార్వాడీ వ్యాపారులు కొండెక్కారు.

అలా ఎక్కిన ధనవంతుల్లో ఒక లాయరూ ఉన్నాడు. మహమ్మదలీ జిన్నా 1936లో మౌంట్ ప్లెజంట్ రోడ్డులో సౌత్ కోర్ట్ అనే బంగళా కట్టించుకున్నాడు. నమూనా గీసింది క్లాడ్ బాట్లీ. ఇటలీ పాలరాయి, వాల్‌నట్ చెక్క పని. 1944 సెప్టెంబరులో గాంధీ అదే రోడ్డులోని బిర్లా హౌస్‌లో దిగి, రోజూ ఈ ఇంటికి వచ్చి మాట్లాడాడు. చర్చలు తేలలేదు. దేశం రెండయ్యాక చాలా ఏళ్లు ఆ ఇల్లు బ్రిటిష్ డిప్యూటీ హైకమిషనర్ల నివాసంగా ఉంది. జిన్నా కూతురు దీనా వాడియా ఇల్లు తనదంటూ 2007లో కోర్టుకెక్కింది. 2017లో ఆమె కన్నుమూసేనాటికీ అది చేతికి రాలేదు.

అణుశాస్త్రవేత్త హోమీ భాభా ఇంటిది ఇంకో కథ. మెహ్రాంగీర్ అనే ఆ బంగళాను 2014లో వేలం వేస్తే 372 కోట్లు పలికింది. మ్యూజియం చేయండని శాస్త్రవేత్తలు ఎంత మొత్తుకున్నా 2016లో కూల్చేశారు. ఆ వేలం జరిగిన మరుసటేడు, 2015లో, దగ్గర్లోని జాటియా హౌస్‌ను పారిశ్రామికవేత్త కుమార మంగళం బిర్లా 425 కోట్లకు కొన్నారు.

డబ్బు పెడితే కొండ మీది కోతైనా దిగివస్తుందంటారు. ఈ కొండ మీది మంచి స్థలాలు మాత్రం ఎన్ని కోట్లు పెట్టినా దిగిరావు. కోనేరు దేవుడిది, డూంగర్‌వాడీ పార్సీ పంచాయత్‌ది, కొమ్ము చివరి 50 ఎకరాలు గవర్నర్ నివాసానివి. ఫ్లాట్ల రేటు ఆకాశాన్నంటడంలో ఈ అమ్మకానికి లేని పొరుగువాళ్ల వాటా తక్కువేం కాదు. కిటికీ తీస్తే కనిపించే పచ్చదనం చాలావరకు వాళ్లదే మరి.

ఆ గవర్నర్ నివాసం కింద ఏముందో అక్కడుండేవాళ్లకే చాలాకాలం తెలియదు. కరీంనగర్ నుంచి వెళ్లి మహారాష్ట్ర గవర్నరైన చెన్నమనేని విద్యాసాగర్‌రావు, ఏదో సొరంగం ఉందని పాత సిబ్బంది చెప్పిన మాట పట్టుకుని 2016 ఆగస్టులో ఒక గోడ పగలగొట్టించారు. లోపల 13 గదుల బంకర్ బయటపడింది. ఫిరంగి గుండ్ల గది, తూటాల గది, పంపు, వర్క్‌షాప్ అని గోడల మీద రాతలు చెక్కుచెదరలేదు. 2019లో దాన్ని మ్యూజియం చేశారు.

కొండ మీది హ్యాంగింగ్ గార్డెన్ పూలమొక్కల కింద ఉన్నది కూడా ఉత్త నేల కాదు, 1880ల నాటి నీళ్ల రిజర్వాయర్. ఫోర్ట్, కొలాబా దాకా కొళాయిలకు అదే ఆధారం. దాన్ని పడగొట్టి కొత్తది కడతామని, అందుకు వందల చెట్లు కొట్టాలని 2023లో కార్పొరేషన్ ప్రకటించగానే కొండ మీది ఆసాములు ప్లకార్డులు పట్టుకుని రోడ్డెక్కారు. చివరికి కార్పొరేషనే వెనక్కి తగ్గి, పాతదాన్నే మరమ్మతు చేసుకునే దారి పట్టింది.