విద్యాలయములు, నగరసామీప్యము: సామర్లకోట చరిత్ర చెప్పు లెక్క

ఊరికి కళాశాల వచ్చుచున్నదను వార్త పుట్టినప్పుడెల్ల రెండు విధములైన మాటలు వినవచ్చును. భూమి ధర పెరుగును, అంగడివీధి కళకళలాడును, పిల్లలకు చదువు గుమ్మము ముందరికే వచ్చునని కొందరు సంతోషింతురు. పంటపొలములు ఇండ్లస్థలములగును, అద్దెలు పెరుగును, ముఖ పరిచయము లేనివారితో వీధులు నిండును, తుదకు ప్రక్కనున్న నగరము ఊరిని మ్రింగివేయునని మరికొందరు భయపడుదురు. ఈ రెండు మాటలలోను సత్యము లేకపోలేదు. అయినను ఇది ఊహతో తేల్చదగిన విషయము కాదు. జరిగిపోయిన సంవత్సరముల జమాఖర్చులు చూచి తేల్చదగినది. అట్టి లెక్క చూచుటకు సామర్లకోటకంటె తగిన ఊరు ఈ ప్రాంతమున మరియొకటి లేదు.

సామర్లకోట కాకినాడకు పది మైళ్ళలోపు దూరముననే యున్నది. శ్యామలాంబ పేరిట శ్యామలకోటయై, క్రమముగా సామర్లకోట యయ్యెనని పెద్దలు చెప్పుదురు. ఊరిని చేరియున్న భీమవరమున తూర్పు చాళుక్యరాజైన చాళుక్య భీముడు నిర్మింపజేసిన కుమారారామ భీమేశ్వరాలయము పంచారామములలో నొకటి. తొమ్మిదవ శతాబ్ది చివరను రాజ్యమునకు వచ్చిన ఆ రాజు కట్టించిన రెండంతస్తుల గుడి నేటికిని చెక్కుచెదరక నిలిచి, నిత్యపూజలందుకొనుచున్నది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి కాలువ ఈ ఊరిమీదుగా సాగెను. 1890 దశకమున తూర్పుతీరపు రైలుమార్గము వచ్చుటతో కాకినాడ శాఖ ఇచ్చట కలిసి, ఊరు జంక్షనైనది. దేవాలయము, కాలువ, రైలు అను ఈ మూటితోపాటు నాలుగవదియు నొకటి సామర్లకోటకు లభించెను. అది విద్య.

ఈ మాట విని కొందరు ఆశ్చర్యపడవచ్చును. పెద్ద కళాశాలలన్నియు కాకినాడలోనివే కదా యని అడుగవచ్చును. కాని కాకినాడలో కళాశాల పుట్టుటకు నూరు సంవత్సరములు ముందుగనే సామర్లకోటలో శాస్త్రపరిశోధన మొదలయ్యెను.

1758 డిసెంబరులో చందుర్తివద్ద ఆంగ్లేయులు ఫ్రెంచివారిని ఓడించిన తరువాత ఉత్తర సర్కారులు క్రమముగా ఈస్టిండియా కంపెనీ చేతిలోనికి వచ్చెను. సామర్లకోట దండు విడియు స్థలమయ్యెను. ఆ దండునకు వైద్యుడుగా 1781లో విలియం రాక్స్‌బరో అను స్కాట్లండు దేశస్థుడు వచ్చెను. రోగులను చూచుట ఆయన కొలువు. మొక్కలను చూచుట ఆయన వ్యసనము. ఆయన ఇచ్చట తోట వేసి మిరియము, కాఫీ, దాల్చినచెక్క మున్నగువానిని పెంచి చూచెను. ప్రతిదినము వాతావరణమును గమనించి వ్రాసిపెట్టుచుండెను. 1787 నాటి తుపానులో పుస్తకములను, సేకరించిన వస్తువులను పోగొట్టుకొనియు పని మానలేదు. ఈ దేశపు చిత్రకారులను కొలువున పెట్టుకొని మొక్కల బొమ్మలు వ్రాయించెను. 1795 మొదలు లండనులో మూడు సంపుటములుగా వెలువడిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమునకు ఆ బొమ్మలే ఆధారము. అందు మూడువందల వర్ణచిత్రములు కలవు. ఆయన తన గ్రంథములలో లాటిను పేర్ల ప్రక్కన తెలుగు పేర్లను కూడ చేర్చెను. ఈ సీమ రైతులు, పసరువైద్యులు పలికిన పేర్లు ఆవిధముగా ప్రపంచ శాస్త్రగ్రంథములకు ఎక్కెను.

అంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. ఏలేరు ఒడ్డున పెద్దాపురము, పిఠాపురము జమీందారీలలో రైతులు చెరకు పండించి బెల్లము వండు పద్ధతిని రాక్స్‌బరో శ్రద్ధగా పరిశీలించి వ్రాసెను. ఒకే చేనిలో ఏటేట చెరకు వేయక, మూడు నాలుగేండ్ల కొకసారి మాత్రమే వేయుదురని ఆయన గుర్తించెను. రైతు తాతముత్తాతల నాటినుండి ఎరిగిన పంటమార్పిడి రహస్యమది. 1790 ప్రాంతమున వానలు వెనుకదీసి కరవు వచ్చినప్పుడు కొబ్బరి, పనస మొదలైన ఆహారవృక్షములను విరివిగా నాటింపవలెనని ఆయన కంపెనీకి సలహా యిచ్చెను. అనగా ఆ తోట ఊరినుండి నేర్చుకొన్నది. ఊరికి నేర్పుటకును యత్నించినది.

తరువాత ఏమైనది? 1793లో రాక్స్‌బరోకు కలకత్తా తోట అధికారము లభించి ఆయన వెడలిపోయెను. సామర్లకోట తోటల భారము బెంజమిన్ హేన్ అను మరియొక వైద్యునికి వచ్చెను. 1800 ప్రాంతమున ఆయనయు మైసూరు సర్వే పనిమీద పోయి, బెంగుళూరు తోటకు అధికారి యయ్యెను. పందొమ్మిదవ శతాబ్ది ముగియునాటికి దండును ఎత్తివేయబడెను. తోటకు ఊరివారు యజమానులు కారు; ధర్మకర్తలును కారు. కాపు కాయువాడు పోగానే తోటయు పోయెను.

రెండవ అధ్యాయము 1902లో ఆరంభమయ్యెను. గోదావరి డెల్టాలో చెరకునకు ఎర్రకుళ్ళు తెగులు సోకి రైతులు నష్టపోవుచుండగా, ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడైన బార్బరు పర్యవేక్షణమున సామర్లకోటలో చెరకు క్షేత్రము నెలకొల్పబడెను. మారిషస్ మున్నగు దేశాంతరముల చెరకులను తెప్పించి, తెగులునకు ఆగునవేవో, ఆగనివేవో పరీక్షించిరి. మంచివని తేలినవానిని రైతులకు పంచిరి. పదేండ్లు గడవగానే 1912లో కోయంబత్తూరున చెరకు సంకరణ కేంద్రమును, 1913లో అనకాపల్లిలో చెరకు పరిశోధన స్థానమును ఏర్పడెను. పేరుప్రతిష్ఠలు అచ్చటికి తరలెను. కాని ఈ పర్యాయము ఊరి పద్దులో నిలువ మిగిలెను. పెద్దపేరు పోయినను మేలురకపు చెరకు రైతు చేలలో నిలిచెను.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఒక సంగతి తేటపడును. సామర్లకోటనుండి విద్యను తీసికొనిపోయినది ప్రక్కనున్న కాకినాడ కాదు. తీసికొనిపోయినవి కలకత్తా, బెంగుళూరు, కోయంబత్తూరు; అన్నియు దూరదేశములే. కావున నగరము దగ్గరనుండుటయే ఊరి విద్యకు ముప్పను వాదము నిలువదు. ఊరిలో వేళ్ళూననిది ఎంత దూరమునకైనను పోవును. ఊరివారి చేలలోనికి, ఊరివారి చేతులలోనికి దిగినది సంస్థ పోయినను ఉండును.

మరి కాకినాడ చేసిన దేమి? అచ్చటి పిఠాపురము రాజావారి విద్యాలయము 1852లో పాఠశాలగా పుట్టి 1884లో కళాశాల యయ్యెను. 1904 మొదలు 1919 వరకు రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు దాని ప్రిన్సిపాలుగా నుండి, సూర్యారావు బహద్దరువారి అండతో బీదవిద్యార్థులను ఆదుకొని, స్త్రీలకును ప్రవేశము కల్పించిరి. 1946లో ఆరంభమైన ఇంజనీరింగు కళాశాల పిమ్మట కాకినాడకు చేరి, 2008లో విశ్వవిద్యాలయ మయ్యెను. 1958లో రంగరాయ వైద్యకళాశాల వచ్చెను. కళాశాల దగ్గర లేని ఊరి పిల్లవాడు చదువుకొనవలెనన్న ఇల్లు విడువవలెను, పూటకూళ్ళయింట తినవలెను, తండ్రి అప్పు చేయవలెను. సామర్లకోట పిల్లవానికి ఆ బాధ తప్పెను. ఉదయము రైలెక్కి, సాయంకాలమునకు ఇంటికి వచ్చి అన్నము తినవచ్చును. ఆడపిల్లల విషయమున ఈ సౌకర్యము మరింత విలువైనది. నగరసామీప్యమును నిందించువారు ఈ జమను పద్దులో వ్రాయుట మరచుచున్నారు.

ఇక ఖర్చు వైపు చూడవలెను. విద్యార్థులును ఉద్యోగులును వచ్చిన కొలది ఇండ్లు కావలెను. ఇండ్లు వచ్చిన కొలది పొలములు తరుగును. కాకినాడ పెరిగి 2022 ఏప్రిల్ 4న తన పేరిటనే జిల్లాకు ముఖ్యపట్టణమైనది. రహదారి ప్రక్కనున్న మాగాణికి పంటను బట్టి కాక దూరమును బట్టి ధర కట్టు కాలము వచ్చినది. ఎకరము అమ్మినవాడు ఒక్కనాడు ఎన్నడును చూడని ధనము చూచును. అయితే లెక్క తెలిసినవాడు ఇచ్చట ఒక తప్పును పట్టును. భూమి అమ్మిన సొమ్ము ఆదాయము కాదు, అది మూలధనము. మూలధనమును ఆదాయపు పద్దులో వ్రాసి పెండ్లిండ్లకును మేడలకును ఖర్చుపెట్టిన కుటుంబము, తరువాతి తరమున తాను అమ్మిన నేలమీదనే అద్దెకుండవలసి వచ్చును. ఒక్కసారి రాళ్ళు పాతిన మాగాణి మరల నాటుకు రాదు. పూడ్చిన బోదె మరల పారదు. బోదె పూడినచో క్రింది రైతు అమ్మకపోయినను అతని చేనికి నీరందదు. అందువలన ఇది అమ్మినవాని సొంత వ్యవహారము మాత్రమే కాదు. ఆయకట్టు అంతటి వ్యవహారము.

విద్యాలయమునకును చుట్టుపట్ల ఊళ్ళకును ఎట్టి సంబంధ ముండవలెనను ప్రశ్న క్రొత్తది కాదు. ఏడవ శతాబ్దిలో నాలందాలో చదివిన చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగ్ చరిత్ర వ్రాసిన శిష్యుడు, నూరు గ్రామముల ఆదాయము ఆ విద్యాలయమునకు చెందియుండెననియు, రెండువందల కుటుంబములవారు దినదినమును బియ్యము, వెన్న, పాలు తెచ్చి యిచ్చుచుండిరనియు తెలిపెను. అచ్చటి పండితుని చదువు వెనుక గ్రామస్థుని పాడియావు ఉండెను. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో దీనికి విరుద్ధమైన కథ జరిగెను. 1355 ఫిబ్రవరిలో సారాయి అంగడిలో పుట్టిన తగవు పట్టణవాసులకును విద్యార్థులకును యుద్ధమై, అరువదిమందికి పైగా విద్యార్థులు హతులైరి. దానికి ప్రాయశ్చిత్తముగా పట్టణపెద్దలు ఏటేట అపరాధము చెల్లించు ఆచారము 1825 వరకు సాగెను. ఇరుగుపొరుగున నుండియు ఒకరినొకరు ఎరుగనిచో విద్యాస్థానమైనను కలహస్థానమగునని ఈ కథ తెలుపుచున్నది.

అంత దూరము పోనక్కరయును లేదు. గోదావరి సీమలోని భీమేశ్వరాలయ శాసనములను చదివినవారికి ఒక పద్ధతి కనబడును. అఖండదీపము పెట్టదలచిన దాత నేయి కొని యిచ్చి ఊరుకొనలేదు. గొఱ్ఱెలనో ఆవులనో దానమిచ్చి, వానిని పెంచుభారము ఒక బోయకు అప్పగించి, నిత్యము ఇంత నేయి దీపమునకు పోయవలెనని రాతిమీద వ్రాయించెను. మంద తరుగరాదు, నేయి మాత్రమే వాడవలెను. దాత మరణించినను, రాజ్యము మారినను దీపము వెలుగుటకు చేసిన ఏర్పాటది. రాక్స్‌బరో తోటకు లేనిదియు, గుడికి ఉన్నదియు ఈ ఏర్పాటే.

కాబట్టి నగరము చెంతనుండి మారుచున్న విద్యాస్థానము కోరదగినదా యను ప్రశ్నకు సామర్లకోట చరిత్ర ఇచ్చు సమాధానము ఇది: కోరదగినదే, కాని షరతులు లేకుండ కాదు. మొదటిది, నీరు పారు బోదెను, చెరువును, పశువుల బాటను ఎంత ధరకును తాకరాదు. రెండవది, ఏ విద్యాలయము వచ్చినను ఆ ఊరి బీదపిల్లలకు అందు చోటు దొరకవలెను. నేల ఊరిది, చదువు పరులది అనువిధముగా నుండరాదు. మూడవది, అచ్చటి ఉపాధ్యాయులు ఊరిలోనికి రావలెను. 1952 అక్టోబరు 2న దేశమున సమాజ వికాస పథకము ప్రారంభమైన పిదప సామర్లకోటలో వెలసిన విస్తరణ శిక్షణ కేంద్రము గ్రామములలో పనిచేయువారికి శిక్షణ నిచ్చుచు వచ్చినది. గ్రామమే పాఠ్యపుస్తకమైన అట్టి విద్య ఊరిని విడిచి పోజాలదు.

ఈ మూడవ షరతు నెరవేరుటకు తగిన చోటు గ్రంథాలయము. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినప్పుడు, అయ్యంకి వేంకటరమణయ్యగారు మొదలైన ఉద్యమకారులు తలచినది ఇదియే. నగరములోని పుస్తకము గ్రామస్థుని వెదకికొని రావలెనని వారి ఆశయము. 1935లో కృష్ణా కాలువమీద పడవలో పుస్తకములు పెట్టి ఊరూర తిప్పినవారును ఉండిరి. కళాశాల విద్యార్థి మూడు నాలుగేండ్లుండి పోవును. అధికారి బదిలీపై పోవును. గ్రంథాలయమునకు చందా కట్టిన రైతు, కూలి, బడిపంతులు, గృహిణి మాత్రము ఊరిలోనే యుందురు. ఇరువదియైదేండ్లుగా ఒక పల్లెలో పుస్తకముల బీరువా తాళము ప్రతి సాయంకాలమును తెరువబడుచున్నదనిన, అది ఏ రాజుగాని, కంపెనీగాని చేసిన పని కాదు, చందాదారులు చేసినది.

సామర్లకోట తోటలో పెరిగిన మొక్కల బొమ్మలు లండనులో అచ్చై ప్రపంచమంతట చూడబడెను. అవి పెరిగిన ఊరివారు వానిని చూచుటకు నోచుకొనలేదు. ఇక ముందు ఈ ప్రాంతమునకు వచ్చు ఏ విద్యాలయము విషయమునను అట్టి లెక్క మిగులరాదు. ఊరు పంపిన దాని ప్రతి యొకటి ఊరిలోనే, ఊరివారి అందుబాటులోనే ఉండవలెను. నగరము ఎంత దగ్గరకు వచ్చినను అట్టి ఊరు దానిలో కలిసిపోయి మాయము కాదు. తన పేరుతోనే నిలుచును.