ప్రకాశము పంతులుగారి వకాలతు

1928లో మదరాసు వీథిని తుపాకుల యెదుట ప్రకాశము పంతులుగారు రొమ్ము చూపి నిలిచిన కథ మన పిల్లలకు సైతము తెలియును. ఆ సాహసమును మేమును గౌరవింతుము. అయినను తుపాకిగాని జనసందోహముగాని లేని వేఱొక ఘట్టము వారి జీవితమున గలదు. దాని విలువ అంతకంటె తక్కువ కాదని మా యభిప్రాయము.

1872లో ఒంగోలు ప్రాంతమున వినోదరాయునిపాలెమున పుట్టిన పంతులుగారు బాల్యముననే తండ్రిని గోల్పోయిరి. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడపి బిడ్డలను పోషించిరి. ఆ తల్లి రెక్కల కష్టమే ఈ చరిత్రకు మొదటి పుట. పంతులుగారు రాజమహేంద్రవరమున రెండవ తరగతి ప్లీడరై పేరు గడించి, పురపాలక సంఘాధ్యక్షులును అయిరి. కాని ఆ తరగతి ప్లీడరునకు హైకోర్టున వాదించు నర్హత లేదు. ఆ యడ్డు దాటుటకై 1904లో ఇంగ్లండు పోయి, 1907లో బారిష్టరై మరలి వచ్చి, మదరాసున విస్తారముగ నార్జించిరి. 1921లో ఆ వృత్తిని విడిచి, స్వరాజ్య పత్రికను స్థాపించి, ఆర్జించిన ధనమును దానికే ధారపోసిరి.

వృత్తిని విడిచినను వృత్తి నేర్పిన చూపు వారిని విడువలేదు. 1937లో రాజాజీ మంత్రివర్గమున రెవెన్యూ మంత్రియై, జమీందారీ విచారణ సంఘమునకు అధ్యక్షులైరి. 1802 నాటి పర్మనెంటు సెటిల్మెంటు జమీందారునకు ఇచ్చిన హక్కేమి? రైతునకు మిగిల్చిన హక్కేమి? ఈ ప్రశ్నలకు 1938 నాటి సంఘపు నివేదిక చెప్పిన యుత్తర మొక్కటియే: భూమి రైతుది, జమీందారు శిస్తు వసూలు చేయువాడు మాత్రమే. నోరులేని కక్షిదారులైన లక్షలాది రైతుల పక్షమున వేసిన వకాలతు అది.

1939లో మంత్రివర్గము రాజీనామా చేయుటచే ఆ నివేదిక చట్టము కాలేదు. 1946లో పంతులుగారు ముఖ్యమంత్రులైరి. స్వపక్షమువారే యెదురు తిరుగగా 1947 మార్చిలో పదవి పోయెను. 1953లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రులైరి. మరుసటి యేడు మద్యనిషేధ విషయమై వచ్చిన అవిశ్వాస తీర్మానము ఒక్క వోటుతో నెగ్గగా ఆ పదవియు పోయెను. నలుగురిని కూడగట్టుకొని పోవు నేర్పు వారికి కొఱవడెననుట అపచారము గాదు.

అయినను 1948లో, వారు పదవిలో లేనప్పుడు, ఓమందూరు రామస్వామి రెడ్డియారుగారి ప్రభుత్వము ఎస్టేటుల రద్దు చట్టమును చేసెను. నష్టపరిహార మిచ్చి యైనను జమీందారీలను తొలగించెను. మంత్రిపదవి యెన్ని నెలలు నిలిచెనని లెక్కించువారు లెక్కింతురుగాక! పట్టా చేతికందిన రైతు వేసికొను లెక్క వేఱు. ఆ లెక్కనే మనమును మన పిల్లలకు నేర్పవలసియున్నది.