మన ఇంటి ఫోటోలు – మన చరిత్ర

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, శాసనాలు జ్ఞాపకం వస్తాయి. మరి మనవంటి సామాన్య కుటుంబాల చరిత్ర ఎక్కడుంది? శాసనాలలో లేదు. మన ఇంటి గోడలమీద, ట్రంకుపెట్టెల అడుగున ఉన్న పాత ఫోటోలలో ఉంది.

ఫోటోగ్రఫీ విద్య 1839లో ఫ్రాన్సు దేశంలో లోకానికి వెల్లడయింది. 1856 నాటికే మద్రాసులో ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. మన గోదావరి ప్రాంతం అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే. తొలి రోజుల్లో కెమెరా ముందు కొన్ని సెకన్లపాటు కదలకుండా కూర్చోవలసి వచ్చేది. కదిలితే బొమ్మ చెదిరిపోయేది. ఆనాటి పెద్దలు అంత గంభీరంగా కనిపించడానికి అదొక కారణం. అంతేగాని వారికి నవ్వడం రాక కాదు!

మనవారికి ఇంకో చిక్కు కూడా ఉండేది. ప్రాణమున్నవాటి బొమ్మ తీయించుకోవచ్చునా అని మతపెద్దలలో అభిప్రాయ భేదం. పైగా పరదా. పరాయి మగవాడి ఎదుట ఆడవారు కూర్చునేదెలా? ఈ చిక్కును హైదరాబాదులో రాజా దీన్ దయాళ్ విప్పారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరైన ఆయన 1892లో ఆడవారికోసం జెనానా స్టూడియో పెట్టి, శ్రీమతి కెన్నీ లెవిక్ అనే దొరసానికి అప్పగించారు. నిజాం ఆయనకిచ్చిన బిరుదు ‘ముసవ్విర్ జంగ్’. ముసవ్విర్ అంటే చిత్రకారుడు.

అటువంటి వసతి గొప్పవారికేగాని సామాన్యులకు ఎక్కడిది? మనవాళ్ళకు ఫోటో అవసరాన్ని తెచ్చినవి ప్రయాణాలు. కాకినాడ, కోరంగి రేవులనుంచి ఎందరో రంగం వెళ్ళారు. బర్మాలో తెలుగువారికి కోరంగీలనే పేరు అలా వచ్చిందే. సముద్రం అవతలి మనిషి ముఖం ఇంటివారికి చూపగలిగింది ఉత్తరంతో వచ్చిన ఫోటో ఒక్కటే. తరువాత హజ్ యాత్రకు పాస్‌పోర్టు, పాస్‌పోర్టుకు ఫోటో. ఆపైన గల్ఫ్ దేశాలు.

పాత గ్రూప్ ఫోటో ఒకటి తీసి చూడండి. కుర్చీలలో పెద్దలు, వెనుక నిలబడి యువకులు, కింద చాపమీద పిల్లలు. కుర్చీ ఎవరికి వేశారన్నదే ఆ ఇంటి మర్యాదను చెబుతుంది. రూమీ టోపీ, షేర్వానీ తొడిగిన తాత పక్కనే గోదావరి పంచెకట్టుతో తమ్ముడు. సెహరా కట్టిన పెళ్ళికొడుకు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారూ, తెలుగే మాట్లాడే నూర్‌బాషాలూ ఈ నేలవారేనని ఆ దుస్తులే సాక్ష్యం.

అయితే ఒక లోటు కూడా చూడాలి. చాలా ఇళ్ళలో నానా ఫోటో ఉంటుంది, నానీ ఫోటో ఉండదు. కొన్ని ఇళ్ళలో ఆమె రూపం మిగిలింది హజ్ కోసం తీయించిన ఆ చిన్న పాస్‌పోర్టు ఫోటోలోనే. ఇంటిల్లిపాదినీ పెంచిన మనిషికి ఆనవాలు అంతమాత్రమే!

ఉన్నవీ దక్కడం లేదు. 1986 ఆగస్టు వరదలో, 1996 నవంబరు 6 తుఫానులో ఇళ్ళతోపాటు ఇవీ పోయాయి. నీటిలో ఎగరనివి కొన్ని, వెనుక పేరు లేక పోతున్నాయి. “ఎవరో పాతవాళ్ళు” అని మనమలు పక్కన పడేస్తున్నారు.

కాబట్టి సభ్యులకు మా మనవి. పెద్దలు బ్రతికి ఉండగానే అడిగి, ఫోటో వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం రాయండి. సిరా వద్దు, అది ముందుకు ఊరుతుంది. అద్దానికి అంటుకున్న ఫోటోను పీకకండి. అద్దంతోనే నకలు తీయించండి. సెల్‌ఫోనుతోనైనా సరే. ముఖ్యంగా, అమ్మల, అమ్మమ్మల ఫోటోలు ముందు వెతకండి.