ఉపాధ్యాయిని సముదియ

దిల్‌సుఖ్‌నగర్ బజారు రద్దీ దాటి చైతన్యపురిలో మూసీ దిక్కునకు నడచినచో, కోసగుండ్ల నరసింహస్వామి కొలువైన గుట్ట యెదురగును. అచ్చటి బండమీద క్రీస్తుశకము 4, 5 శతాబ్దముల నాటి ప్రాకృత శాసనమొకటి బ్రాహ్మీ లిపిలో కలదు. చార్మినారు పుట్టుటకు వెయ్యేండ్లకు పైగా పూర్వమే యీ గట్టున వెలసిన గోవిందరాజవిహారమును, ఇంటింట దొరకిన పిండపాతముతోనే బ్రదికిన భిక్షువులను అది స్మరించుచున్నది. విష్ణుకుండి గోవిందవర్మ మహిషి పరమభట్టారికా మహాదేవి కట్టించిన విహారమునకు రాజు గ్రామములు దానమిచ్చెనని నల్లగొండ సీమలో తుమ్మలగూడెమున దొరకిన తామ్రశాసనము చెప్పును. విహారము కట్టించిన స్త్రీని చరిత్ర మరువలేదు. వినయము, అనగా సంఘ నియమములు, బోధించిన స్త్రీని చూడవలెనన్నచో మనము అమరావతికి పోవలెను.

అమరావతీ స్తూపపు దానశాసనములలో ఒకదానియందు మూడు పేర్లు వరుసగా నున్నవి: వినయధరుడు ఆర్య పునర్వసువు, ఆయన అంతేవాసిని (శిష్యురాలు), ఉపాధ్యాయిని సముదియ, ఆమె అంతేవాసిని మల. దానము మలది. తన పేరు చెప్పుకొనుటకు ముందు ఆమె తన గురువును, గురువుగారి గురువును చెప్పినది. ఉపాధ్యాయిని యను మాట తెలుగునేల రాతిమీద ప్రాచీనకాలముననే యుండుట చూచినప్పుడెల్ల నాకు ఒడలు పులకరించును.

పురుషుడు స్త్రీకి వినయము నేర్పుట యెట్లు మొదలైనదో పాళి వినయగ్రంథమైన చుల్లవగ్గము చెప్పును. ఉత్పలవర్ణ యను భిక్షుణి శిష్యురాలొకతె యేడేండ్లు బుద్ధుని వెన్నంటి వినయము నేర్చెను; కాని జ్ఞాపకశక్తి చాలక, పట్టినదెల్ల జారిపోవుచుండెను. బుద్ధుడు శ్రావస్తికి తరలనున్నాడని విని, జీవితాంతము వెంట తిరుగుట ఆడుదానికి సాధ్యమా యని ఆమె కుమిలినది. అప్పుడు, భిక్షువులు భిక్షుణులకు వినయము చెప్పవచ్చునని ఆయన అనుమతించెను. మరచిపోయిన ఒక సామాన్యురాలి దుఃఖమునుండి ఇంత గొప్ప ఏర్పాటు పుట్టినది! నియమముల పాఠమైన ప్రాతిమోక్షము సంగతియు నట్టిదే. తొలుత భిక్షువులే వచ్చి భిక్షుణులకు చదివెడివారు. లోకులు ఆక్షేపింపగా, భిక్షుణులే చదువుకొనవలెననియు, చదువు తీరు భిక్షువులు నేర్పవలెననియు నిర్ణయమైనది. భిక్షుణులను భిక్షువులకు లోబరచిన నియమములు నా మనసునకు ఎన్నడును రుచింపలేదు. అయినను ఆ కట్టడిలోనే చదువు స్త్రీల చేతికి వచ్చినదన్నది సత్యము.

పాళి సంప్రదాయమున భిక్షుణీ నియమములు 311. వీనిని చేపట్టకముందు శిక్షమాణయై, అనగా దీక్షకు శిక్షణ పొందుచు, రెండేండ్లు ఆరు శీలములు తప్పక పాటింపవలెను. దీక్షనాడు సభలో భిక్షువులు రోగములను గూర్చి, శరీరమును గూర్చి ప్రశ్నింపగా దీక్ష కోరిన స్త్రీలు సిగ్గుతో నోరు మెదపలేకపోయిరట. అందుచే ముందుగా భిక్షుణులే యడుగవలెనని, అదియు ప్రక్కకు పిలిచి నేర్పిన పిమ్మటనే యడుగవలెనని విధించిరి. దీక్షానంతరము శిష్యురాలు రెండేండ్లు ఉపాధ్యాయినిని విడువరాదు; ఆ రెండేండ్లు ఉపాధ్యాయిని శిష్యురాలిని ఆదుకొననిచో దోషము ఉపాధ్యాయినిదే.

దీక్ష ముగిసిన తక్షణమే ఆమె నీడ కొలిచెదరు. ఋతువును, పగటి భాగమును చెప్పెదరు. సంఘములో ఎవరు ముందు, ఎవరు వెనుక యనునది ఇకమీద ఆ ఘడియనుబట్టియే. తరువాత ఆమె జీవితమునకు మూడు ఆధారములు చెప్పెదరు. భిక్షువులకు చెప్పు ఆధారములు నాలుగు; వానిలో చెట్టు మొదట నివాసము భిక్షుణులకు లేదు గనుక దానిని విడిచెదరు. ఆ మూడింటిలో మొదటిది, చైతన్యపురి బండమీది భిక్షువులు నమ్ముకొన్న భిక్షాన్నమే.