ఆకసమునుండి చూచిన బీడు



సాగులోనున్న భూమిని రైతు ఏల విడిచిపెట్టును? విడిచిన సంగతి ఏలువారికి ఎట్లు తెలియును? ఈ రెండు ప్రశ్నలును మన గోదావరి సీమకు క్రొత్తవి కావు. నేడు ఈ పొలములను కృత్రిమోపగ్రహములు ఆకసమునుండి చూచుచున్నవి గనుక, ఆ ప్రశ్నలను మరల విచారింపవలసియున్నది.

నందన సంవత్సరమున, అనగా 1832–33లో, గొప్ప కఱవు వచ్చెను. డొక్కల కఱవని మన పెద్దలు చెప్పుకొనినది అదియే. 1839లో కోరంగి తీరమును పెనుతుపాను ముంచెను. పొలములు బీడువడెను, జనులు వలసపోయిరి. రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1821లో 7,38,308. 1841 నాటికి 5,61,041. ఇరువదియేండ్లలో ఇంచుమించు నాలుగవపాలు తగ్గెనన్నమాట. శిస్తు పడిపోయినపుడు గాని కుంపిణీవారి కన్ను తెఱువబడలేదు. అంతట సర్ హెన్రీ మాంట్‌గోమరీ జిల్లాస్థితిని విచారించి 1844లో నివేదిక వ్రాసెను. ఆర్థర్ కాటను ఆనకట్ట కట్టవలెనని వాదించెను. ధవళేశ్వరమున 1847లో పని మొదలై 1852లో ముగిసెను. బీళ్లు మరల చేలయ్యెను. శిస్తులెక్క నష్టమును మాత్రమే చూపినది. ఔషధము తెలిసినది విచారణవలన.

తరువాత చిరకాలము కరణములు పొలము తిరిగి, ఏ చేనిలో ఏ పైరున్నదో అడంగలునందు వ్రాయుచుండిరి. ఆ వంశపారంపర్యపు పదవులు 1984లో రద్దయ్యెను. ఈలోగా మఱియొక కన్ను ఏర్పడెను. 1972లో అమెరికావారు ల్యాండ్‌శాట్ ఉపగ్రహమును, 1988లో మనవారు ఐ.ఆర్.ఎస్.–1ఎ ఉపగ్రహమును పంపిరి. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ 2004–05 మొదలు ఏటేటి భూవినియోగమునకు పటములు వేయుటకు పూనుకొనెను. ఒకపంట భూమి, రెండుపంటల భూమి, ఆ యేడు బీడుగనున్న భూమి అని వానిలో విభాగము కలదు.

ఇది ఎట్లు సాధ్యమనగా, పచ్చని ఆకు మన కంటికి కనబడని పరారుణకాంతిని మిక్కుటముగ వెనుకకు పంపును. వట్టినేల అంతగా పంపదు. ఐరోపావారి సెంటినెల్–2 చిత్రములో ఒక్కొక్క గడి పదిమీటర్ల చదరము. ఎకరమునకు అట్టివి నలువది. సార్వాకాలమున మబ్బు అడ్డుపడునుగదా యందురు. అందులకు రాడార్ ఉన్నది. దాని తరంగములు మబ్బును దాటును. నీరుపెట్టి దమ్ముచేసిన మడి నల్లగ కనబడును. ఊడ్పులైన పిదప పైరు ఎదిగినకొలది తెల్లబడును. ఏడాది పొడవున నల్లగనే యున్నది చేపలచెఱువు. ఎల్లప్పుడును పచ్చగనున్నది కొబ్బరితోట. కొన్నియేండ్లు వరుసగ పైరు జాడలేనిది విడిచిన భూమి. ఒక్కయేటి బీడును చూచి విడిచిన భూమి యనరాదు.

ఈ కన్ను కొల్లేటిలో మేలుచేసెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పండితులు 2001 నాటి చిత్రమును పరిశీలించి, సరస్సు గర్భముననే వేయికి పైగా చేపలచెఱువులున్నట్లు 2004లో ప్రకటించిరి. 2006లో ప్రభుత్వము అనేకములైన గట్లను కొట్టించెను.

అయినను దీనికి ఒక హద్దు కలదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించి వేలకొలది ఎకరములలో ఊడ్పులు మానిరి. ధాన్యమునకు గిట్టుబాటు లేదనియు, కూలి పెరిగెననియు, మురుగుకాలువలు పూడి చేలు మునుగుచున్నవనియు వారు మొఱపెట్టిరి. ప్రభుత్వము మోహన్ కందా అధ్యక్షతన సంఘమును వేసి విచారించెను. ఈ కారణములలో ఏదియు చిత్రమున కనబడదు. ఊడ్చిన చేను వారములతరబడి మునిగి కుళ్లినను, అసలు ఊడ్వని చేను నీట నిలిచినను, ఒక్కనాటి చిత్రమున రెండును నల్లనివే. నష్టపరిహారము ఇచ్చునపుడు ఆ రెంటికిని భేదమెంతయో మీకు చెప్పనక్కఱలేదు. చేను దున్నినది భూస్వామియా, కౌలుదారా యనుటయు చిత్రమునకు తెలియదు. మన సీమలో కౌలుసేద్యమే విస్తారముగదా!

తార్కికులు ప్రత్యక్షమును, అనుమానమును, ఆప్తవాక్యమును వేర్వేరు ప్రమాణములుగ చెప్పిరి. ఉపగ్రహము పొలమునకు ప్రత్యక్షము. కారణమును దానినుండి ఊహించుట అనుమానము. ఊరిలోనివారి మాట ఆప్తవాక్యము. ఈ మూడవది లేనిచో, గతిలేక విడిచినవానిని సోమరియనియు, మునిగినవానిని ఊడ్వనివాడనియు వ్రాసివేయుదురు.

కావున మీ గ్రామమున పంటనమోదు జరుగునపుడు పెద్దలు ఇంట కూర్చుండరాదు. ఏ చేను ఎప్పుడు ఊడ్చిరో, ఏ నాడు మునిగెనో, ఏ కాలువ పూడుటచేత మునిగెనో, దున్నినవాడెవడో తేదీలతో వ్రాయించుడు. బీడును ఆకాశము చూపగలదు. అది ఏల బీడయ్యెనో చెప్పవలసినవారు మీరు.